కాటిసీనుకు కాల్‌బాయ్ వచ్చాడు

ఖరగ్‌పూర్‌కి తెలుగు నాటకం ఒక్క రైల్లో వచ్చేది కాదు. కాటిసీను హరిశ్చంద్రుడు తెనాలిలో మద్రాసు మెయిలెక్కితే, చంద్రమతి విజయనగరంలో పాసింజరు పట్టుకునేది. నక్షత్రకుడు ముందురాత్రి బరంపురంలో ఇంకెవరో హరిశ్చంద్రుణ్ణి అప్పు కోసం పీడించి, చెవుల వెనక రంగు పూర్తిగా వదలకుండానే బయల్దేరేవాడు. హార్మోనియం మాస్టారు వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడా కింద దించకుండా కూర్చుని వచ్చేవాడు. వీళ్ళలో సగం మంది ఒకరి మొహం ఒకరు ఎరగరు. రాత్రి పదిన్నరకి మాత్రం మొగుడూ పెళ్ళాలై రాజ్యం పోగొట్టుకోవాలి.

వాళ్ళని దింపుకోవడానికి నాటకం కమిటీ కుర్రాళ్ళు స్టేషన్‌కి వెళ్ళేవారు. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం మాదేనని ఊరు గొప్పగా చెప్పుకునే రోజులవి. అప్పటి జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో దాని పొడవు 2,733 అడుగులు. ఒక చివర చంద్రమతి ట్రంకుపెట్టె మీద కూర్చుని ఎదురుచూస్తుంటే, రెండో చివర కుర్రాళ్ళు ఆవిడ కోసం బోగీలన్నీ వెతుకుతుండేవారు.

పక్కింటి బెంగాలీలకి ఇదంతా వింతగా ఉండేది. వాళ్ళ జాత్రా కంపెనీలు కలకత్తాలో చిత్పూర్ రోడ్డులో ఆఫీసులు పెట్టుకునుంటాయి. అక్కడికెళ్ళి బేరం కుదుర్చుకుని అడ్వాన్సు కడితే నటులు, వాయిద్యాలు, దీపాలు, దుస్తులు అన్నీ ఒక్కసారే దిగుతాయి. తెలుగు వాళ్ళది కాంట్రాక్టు నాటకం. కాంట్రాక్టరన్నవాడు ఊరికొకరు చొప్పున పేరున్న నటుల్ని మాట్లాడి, తలో బయానా పంపి, ఫలానా తేదీకి ఫలానా ఊళ్ళో కలవమంటాడు. రిహార్సలుండదు, దర్శకుడూ ఉండడు. పద్యం అందరికీ నోటికొచ్చు, ఎవరి తర్వాత ఎవరు ఎత్తుకోవాలో తెలుసు. అంతే. ప్రపంచంలో ఏ సంగీత నాటకమైనా ఇంత ధైర్యంగా ఊళ్ళు తిరిగిందా అని నాకు అనుమానం.

ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ ఊరు, రైలు, చట్టం, నాటకం, పేర్లతో చెప్పిన మనుషులు చరిత్రలోని వాళ్ళే. పేర్లు లేకుండా వచ్చేవాళ్ళు, వాళ్ళ మాటలు, ఆ ఒక్క రాత్రి మాత్రం అలాంటి అనేక రాత్రుల పోకడని బట్టి నేను అల్లుకున్నవి. కాలం 1970లు మొదలైన రోజులనుకోండి.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి జనం ఇంత దూరం ఎందుకొచ్చారంటే జవాబు పట్టాల్లోనే ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో పుట్టింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాల్తేరు నుంచి కటకం మీదుగా కలకత్తా వైపు పోయే లైను దాని చేతికొచ్చింది. ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు వెలిసింది. బొగ్గు తోసేవాడు, రివెట్టు కొట్టేవాడు, బోల్టు బిగించేవాడు కావాలి. తమ ఊరి పొలిమేరలోంచి పోయే రైలే తీసుకెళ్ళి అక్కడ దింపితే ఎక్కకుండా ఎవరుంటారు? మధురకాటి, నింపురా, సెటిల్‌మెంటు క్వార్టర్లు, గోల్‌బజారు సందులు తెలుగు మాటతో నిండిపోయాయి. 1927లో ఇదే వర్క్‌షాపులో సమ్మె, లాకౌటు జరిగినప్పుడు కార్మికుల వెనక నిలబడ్డ నాయకుడు బరంపురం నుంచి వచ్చిన వి.వి.గిరి. మన కథ జరిగేనాటికి ఆయన రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. రైల్వే పేరు మారి సౌత్ ఈస్టర్న్ అయినా, ముసలివాళ్ళ నోట్లో మాత్రం ఇంకా బి.ఎన్.ఆరే.

ఆ సాయంత్రం ఒక ఫిట్టరు గారి క్వార్టరు వరండాలో కమిటీ కూర్చుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ 'సత్య హరిశ్చంద్ర' వేయించాలని అనుకున్నారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన నాటకం. అప్పటికే దశాబ్దాలుగా ఆగకుండా ఆడుతోంది. ఆడాలా వద్దా అన్నది లేదు, ఎలా ఆడాలన్నదే తగువు.

"ఈసారి పూర్తి నాటకం వొద్దు" అన్నాడు కార్యదర్శి. మిల్‌రైట్ షాపులో పని, వేళ్ళ సందుల్లో ఎప్పటికీ వదలని గ్రీజు.

"వొద్దంటే?" అన్నాడు పెద్దాయన. రిటైరైన ఖలాసీ. ఆయన పాల్గొనకుండా ఆ కాలనీలో ఏ వేడుకా జరగలేదు.

"రెండో షిఫ్టు పదింటికి దిగుతాది బాబూ. పొద్దున షిఫ్టోడు నాలుగ్గంటలకి లెగాల. ఆ మజ్జిన ఎంత పడితే అంతే మన నాటకం. పోయినసారి ఏటయ్యింది? వారణాసి అయ్యేసరికి సగం మంది కేరేజీలట్టుకుని ఎల్లిపోనారు. కాటిసీను కుర్చీలకి సెప్పుకున్నాం."

"నాటకం తగ్గించీమంటావు. మరి సందా తగ్గిస్తావేటి?"

నవ్వులయ్యాక కోతలు మొదలయ్యాయి. ఇంద్రసభలో వసిష్ఠ విశ్వామిత్రుల వాదం పోయింది. నాలుగు మాటల్లో తెర ముందు చెప్పించేద్దామన్నారు. వేట సీను పోయింది. మాతంగ కన్యల దగ్గర మాత్రం వరండా రెండుగా చీలింది. విశ్వామిత్రుడు పంపిన ఆ ఇద్దరు పిల్లలూ రాజు ముందు ఆడిపాడే ఘట్టం కుర్రాళ్ళకి ప్రాణం. "సందా ఇచ్చిందే దానికి" అని ఒకడు బయటపడిపోయాడు కూడా. ఉంచారు, కానీ ఒక్క పాటకి కుదించారు. నన్నడిగితే అదీ తీసేయొచ్చు. కథకి ఆ సీను చేసే మేలు పాతిక మాటల్లో చెప్పెయ్యొచ్చు.

నక్షత్రకుడి జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పోతే ఊరు ఊరుకోదు. అప్పు తీర్చేదాకా రాజుని వదలకుండా వెంటపడి, ఎండలో నడిపించి, చీటికి మాటికి సాధించే ఆ విశ్వామిత్ర శిష్యుడు కోస్తా ఊళ్ళలో హాస్యగాడు. ఖరగ్‌పూర్‌లో అతనికి ఇంకో మొహం ఉంది. జీతాల రోజు వర్క్‌షాపు గేటు బయట కర్ర పట్టుకుని నిలబడే కాబూలీవాలా మొహం అది. వడ్డీ వసూలుకి కార్ఖానాల గేట్ల దగ్గర కాపు కాసే అలవాటు బెంగాల్‌లో ఎంత ముదిరిందంటే, 1931లో రాయల్ కమిషన్ దాన్ని ఆపమని చెప్పింది. 1934లో బెంగాల్ ప్రభుత్వం కార్మిక రక్షణ చట్టం తెచ్చి కలకత్తా చుట్టుపక్కల అలా కాపు కాయడాన్ని శిక్షార్హం చేసింది. చట్టాలొచ్చినంత మాత్రాన అప్పులు పోవు. రాజు మెడ మీద నక్షత్రకుడు చెయ్యేసినప్పుడు ఇక్కడ పుట్టే నవ్వులో కాస్త ఎక్కువ శబ్దం ఉండేదంటే కారణం అది. అదే జీతాల రోజు, అదే గేటు దగ్గర, యూనియన్ రసీదు పుస్తకం ఒక పక్క, నాటకం చందా పుస్తకం ఒక పక్క. ఇంటికి మిగిలేది ఏమిటో ఇల్లాళ్ళనే అడగాలి.

తెరల విషయం వేరే కథ. నాటకాల సామాను అద్దెకిచ్చే సప్లైవాళ్ళ దగ్గర దర్బారు తెర, అడవి తెర, వీధి తెర దొరికాయి. శ్మశానం తెర దొరకలేదు. కలకత్తా నుంచి తెప్పిస్తే అద్దెకే చందా సగం పోతుంది. క్యారేజి పెయింట్ షాపులో అక్షరాలు రాసే ఒకాయన ముందుకొచ్చాడు. పెట్టెల మీద నంబర్లూ పేర్లూ రాసే చెయ్యి. కోరాగుడ్డ తానులు కుట్టించి, నీలిరంగు పొడి పల్చగా కలిపి, ఆకాశం, మోడు చెట్టు, దూరంగా కంసావతి ఒడ్డులాంటి ఒక ఏటిగట్టు వేశాడు. రంగు సరిపోలేదు. ఆకాశం సగం గుడ్డే. "రాత్రి పూట ఎవలికి కనపడతాది లే" అని సర్ది చెప్పుకున్నారు. ఆ పల్చటి రంగే తర్వాత అక్కరకొస్తుందని అప్పుడు ఎవరికీ తోచలేదు.

నాటకం రోజు మధ్యాహ్నం హార్మోనియం మాస్టారు చార్మినార్ సిగరెట్టు పెట్టె చింపి, లోపలి వైపు పెన్సిలుతో రాసుకున్నాడు. హరి ఐదున్నర. చంద్ర ఆరు. నక్ష నాలుగు. వీర నాలుగున్నర. ఎవరి శ్రుతి వారిది. కింద సీన్ల వరస, ఒక్కో సీనుకి ఎన్ని పద్యాలో అంకె, ఎక్కడ కోతపడిందో అక్కడో అడ్డగీత. ఆ రాత్రి జరగబోయే ప్రదర్శనకి రాతలో ఉన్నదల్లా ఆ అట్టముక్కే. మిగతా దేశాల్లో దీనికి స్టేజి మేనేజరనీ కండక్టరనీ దర్శకుడనీ ముగ్గురుంటారు. ఇక్కడ ముగ్గురూ ఒక్కడే, అదీ రెండు చేతులూ ఖాళీ లేని మనిషి. కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి తిత్తి మీద. నటుడికి ఏదైనా చెప్పాలంటే ఆయనకున్నది ఒకటే మార్గం, గాలి. తిత్తి గట్టిగా ఒత్తితే 'సాగనీ' అని. వదులు చేస్తే 'చాలు' అని. పూర్తిగా వదిలేస్తే ఇక వేరే చెప్పక్కర్లేదు.

పదిన్నరకి తెర లేచింది. మొదటి అంకం హరిశ్చంద్రుడు ఊరివాడే, లోకో షెడ్డులో పని. వారణాసికి వచ్చిన హరిశ్చంద్రుడు రాజమండ్రి కుర్రాడు. కాటిసీనుకి తెనాలాయన. ఒకే రాజుకి ముగ్గురు మనుషులు. కొత్తగా చూసేవాడు తికమకపడొచ్చు గానీ పద్యనాటకం ప్రేక్షకుడికి ఇది లెక్కలోకి రాదు. ఏ గొంతు ఏ ఘట్టానికో వాడు ముందే నిర్ణయించుకుని కూర్చుంటాడు. బందరు నుంచి డి.వి. సుబ్బారావు గారు, అంతకుముందు బండారు రామారావు గారు హరిశ్చంద్రుడంటే ఇలా ఉండాలని చెవులకి నేర్పేశారు. వచ్చిన ప్రతి నటుడూ ఆ చెవులకి సమాధానం చెప్పుకోవాల్సిందే.

వారణాసి బాగా నడిచింది. కాలకౌశికుడికి చంద్రమతిని అమ్మే చోట ఆడవాళ్ళ వైపు నుంచి ముక్కు చీదుళ్ళు వినపడ్డాయి. రెండు పద్యాలకి వన్స్‌మోర్ పడింది. కుర్రాడు మురిసిపోయి ఒక్కో రాగాన్ని వీధి చివరి దాకా తీసుకెళ్ళి తిరిగొచ్చాడు. కార్యదర్శి సైడు వింగులో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. రెండింటికి మొదలవ్వాల్సిన కాటిసీను మూడుంబావుకి గానీ ఎత్తుకోలేదు.

అందరూ కాచుక్కూర్చున్నది దీనికే. గొంగడి, చేతిలో కర్ర, ఒంటిమీద బూడిద. రాజుని కొనుక్కున్నవాడు వీరబాహుడు, కాటికాపరుల పెద్ద. ఇక్కడ పాడే పద్యాలు కొన్ని బలిజేపల్లి వారివి కావు, గుఱ్ఱం జాషువా గారివి. శ్మశానాన్ని గురించి ఆయన విడిగా రాసుకున్న ఖండికని నటులు తెచ్చి ఈ సీన్లో కలుపుకున్నారు. జనం ఒప్పుకున్నారు. ఇప్పుడు అవి లేని కాటిసీనుని ఎవరూ ఒప్పుకోరు. అంటరానితనాన్ని ఒంటిమీద మోసిన కవి మాటలు, చండాలుడికి అమ్ముడుపోయిన రాజు నోట్లో. ఎవరు అనుకుని చేశారో గానీ తెలుగు రంగస్థలం మీద ఇంతకంటే తెలివైన అతుకు నాకు కనిపించలేదు. ముందువరస బెంచీల్లో ఫోర్‌మెన్లూ గుమాస్తాలూ ఉంటే, వెనకాల నేల మీద కూర్చున్నవాళ్ళలో చాలామంది తాతలు సొంతూరి నడివీధిలో చెప్పులేసుకుని నడవనివాళ్ళు. కవి, రాజు, చక్రవర్తి, పసిపాప, అందరూ ఒకే బూడిద అన్న భావం వచ్చే చోట మొదటి వన్స్‌మోర్ వెనకనుంచే లేచింది.

తెనాలాయన మళ్ళీ పాడాడు. రెండోసారీ అడిగారు. మళ్ళీ పాడాడు.

లోహితుడిగా పడుకున్నవాడు ఆ ఊరి పిల్లాడే, మూడో తరగతి. పాము కరిచి చనిపోయిన కొడుకుని తల్లి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంటే, దోమలు ఆ శవాన్ని వదల్లేదు. వాడు కాసేపు ఓర్చుకుని, ఇక పట్టలేక చెయ్యి తీసి చెంప మీద చటుక్కున కొట్టుకున్నాడు. జనం గొల్లుమన్నారు. చంద్రమతి వేషం కట్టినావిడ ఎన్ని ఊళ్ళు చూసిందో, ఒక్క క్షణం తడబడలేదు. కొంగు తీసి పిల్లాడి మొహం కప్పి, ఏడుపు శ్రుతి ఒకమెట్టు పెంచింది. నవ్విన నోళ్ళు మూతపడ్డాయి. అంతకు ఓ తరం ముందు ఈ వేషం ఎక్కువగా మగవాళ్ళే వేసేవారు. కొంగుతో చేసే ఈ పని వాళ్ళలో ఎందరికి తోచేదో.

మూడూ నలభై అయ్యింది. గ్రీన్‌రూంలోకి కాల్‌బాయ్ వచ్చాడు.

రైల్వే ఊళ్ళు ఎరగని పాఠకులకి చెప్పాలి. బండి నడిపే డ్రైవర్లకీ గార్డులకీ డ్యూటీ ఎప్పుడు పడుతుందో ఆ రోజుల్లో ముందు తెలిసేది కాదు. గూడ్సు తయారవుతుంటే రెండు గంటల ముందు కాల్‌బాయ్ పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చేవాడు. సంతకం పెట్టించుకుని పోయేవాడు. ఇంట్లో లేకపోతే ఎక్కడున్నాడో కనుక్కుని అక్కడికొచ్చేవాడు. ఆ రాత్రి వచ్చింది ఈశ్వరుడి కోసం.

ఈశ్వరుడు గూడ్సు గార్డు. మంచి ఒడ్డూ పొడుగూ. చివరి పది నిమిషాల్లో రాజు పెళ్ళాం మెడ మీద కత్తి ఎత్తినప్పుడు ప్రత్యక్షమై, పరీక్ష ముగిసిందని చెప్పి, పిల్లాణ్ణి లేపి, రాజ్యం తిరిగిచ్చెయ్యాలి. అప్పటికే కంఠానికి నీలిరంగు, నెత్తిన జటలు, మెడలో రబ్బరు పాము.

"సంతకం పెట్టండి బాబూ."

"ఒరే, పావుగంటాగు. దిగిపోతాను."

"అయిదూ నలభైకి బండి. ఇంటికెల్లాల, రంగు కడుక్కోవాల, పెట్టి సర్దుకోవాల. ఈ మొగంతో లాబీకెల్తే సార్జిషీటే."

గార్డు వింగులోంచి స్టేజి వైపు చూశాడు. తెనాలాయన కళ్ళు మూసుకుని ముఖారిలో తేలిపోతున్నాడు. వన్స్‌మోర్ మూడోది. ఇంకా చంద్రమతి గుర్తుపట్టడం ఉంది, కాటిసుంకం ఉంది, మంగళసూత్రం ఉంది, కత్తి ఉంది. పావుగంట కాదు, ముప్పావుగంట. గార్డు సంతకం పెట్టాడు. పాము తీసి కార్యదర్శి చేతిలో పెట్టాడు. "మా ఆవిడికి సెప్పండి, నేను మజ్జిలో ఎల్లిపోలేదని" అని, వెనక గుమ్మంలోంచి కాల్‌బాయ్ సైకిలు వెనకెక్కాడు.

కార్యదర్శి హార్మోనియం దగ్గరికి వంగి చెవిలో ఊదాడు. మాస్టారు మొహంలో ఏమీ మారలేదు. కుడిచెయ్యి వాయిస్తూనే ఉంది. ఎడమచెయ్యి మాత్రం తిత్తిని మెల్లగా వదిలింది.

రాగం పైకి తీసుకెళ్ళిన తెనాలాయనకి కింద నేల లేకుండా పోయింది. కళ్ళు తెరిచాడు. మాస్టారు ఆయన వైపు చూడకుండా తన జేబుగడియారం తీసి హార్మోనియం మీద పెట్టాడు, నటుడి వైపు తిప్పి. స్టేజి మీద పెద్దవాళ్ళు తగువు పెట్టుకునే పద్ధతి ఇది. బయటివాళ్ళకి తెలీదు. తెనాలాయన ఆ పద్యాన్ని అక్కడే ముగించి, తర్వాతి దానికి ఒక్క గుక్కలో వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇక రాగాలు లేవు. పద్యాన్ని పద్యంగా, మాటకి మాట విడిపోకుండా, గబగబా చెప్పినట్టే పాడాడు. వెనకాల నేల మీద జనం లేచి నిలబడ్డారు, వెళ్ళడానికి కాదు. రాగం ఉన్నప్పుడు వినపడని అర్థం ఇప్పుడు వినపడుతోంది. ఆ తొందర లేకపోతే ఆ సీనుకి ఆ పదును వచ్చేది కాదని నా నమ్మకం. ఉత్తరాంధ్రలో పీసపాటి నరసింహమూర్తి గారిని కృష్ణుడిగా విన్నవాళ్ళు చెప్పుకునేదీ ఇలాంటి మాటే. పద్యంలో అర్థం చెడనివ్వడని ఆయనకి పేరు.

కత్తి లేచింది. ఈశ్వరుడు రాలేదు.

రావాల్సిన చోట, స్టేజి వెనకనుంచి పెయింట్ షాపు ఆయన ఫోకస్ లైటు ఎత్తి శ్మశానం తెర మీదికి కొట్టాడు. దర్బారు తెర అయితే దళసరి రంగు, వెలుగు దాటదు. ఇది సగం కోరాగుడ్డ. ఆకాశమంతా ఒక్కసారి తెల్లగా వెలిగింది, మోడు చెట్టు నల్లగా నిలబడింది. హార్మోనియం ఆగింది. ఆ వెలుగులోంచి మాస్టారి గొంతు, మైకు లేకుండా, ఈశ్వరుడి వచనం నాలుగు వాక్యాలు చెప్పింది. లోహితుడు లేచి కూర్చుని ముందు చెంప గోక్కున్నాడు. మంగళం పాడేసరికి నాలుగూ ఇరవై.

"ఈశ్వరుడేడీ?" అన్నాడు పెద్దాయన. "సందా ఇచ్చినోడికి దేవుడు కనపడొద్దా?"

"గొంతు వినపడింది కదా బాబూ."

"గొంతు రేడియోలో ఇంటాం."

కుర్రాళ్ళకి మాత్రం అది తెగ నచ్చేసింది. కావాలనే అలా పెట్టామని మర్నాడు వర్క్‌షాపులో చెప్పుకు తిరిగారు.

లండన్‌లో 1985లో మొదలైన 'లే మిజరబ్ల్' సంగీత నాటకం సంగతి గుర్తొస్తుంది ఇక్కడ. తిరిగే స్టేజి దానికి ప్రాణమని దాదాపు పాతికేళ్ళపాటు అనుకున్నారు. 2009లో ఊళ్ళు తిప్పడానికి కొత్తగా తయారు చేసినప్పుడు ఆ స్టేజినే తీసేసి, నవల రాసిన విక్టర్ హ్యూగో వేసిన బొమ్మల ఆధారంగా వెనకతెరలు పెట్టారు. నాటకానికేమీ కాలేదు. న్యూయార్క్‌లో 'ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా' 2023 ఏప్రిల్‌లో ఆగినప్పుడు 13,981 ప్రదర్శనలని లెక్క చెప్పారు. హరిశ్చంద్రకి అలాంటి లెక్క ఎవరూ రాయలేదు. రాయాలంటే ముందు ఏది ఒకే ప్రదర్శనో తేలాలి. ఊరికొక హరిశ్చంద్రుడు, ఊరికొక కోత.

ఖరగ్‌పూర్‌లో ఆ తరం ఎక్కువ కాలం సాగలేదు. 1974 మేలో దేశమంతా రైల్వే సమ్మె జరిగింది. విచిత్రమేమిటంటే, 1927లో ఇక్కడ సమ్మెకి ముందు నిలబడ్డ గిరి గారే అప్పుడు రాష్ట్రపతి. తర్వాత టీవీ వచ్చింది, ఆవిరి ఇంజన్లు పోయాయి, పిల్లలు ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ బళ్ళకి వెళ్ళారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని తీర్మానించినప్పుడు పత్రికల్లో కనిపించిన ఊరి పేరు ఖరగ్‌పూర్. అటు ఆంధ్రలో పద్యనాటకం నంది నాటకోత్సవాల పోటీల్లోకి వెళ్ళి, గంటల లెక్కకి కుదురుకుంది. రిహార్సళ్ళొచ్చాయి, దర్శకుడి పేరు కరపత్రంలో పడుతోంది. ఆ పద్ధతి మంచిదే, సందేహం లేదు. కాకపోతే తిత్తి వదిలి నటుణ్ణి నడిపించే విద్య అందులో ఇమడదు.

మళ్ళీ ఆ నాటకం పార్టీ దగ్గరికి వద్దాం. ఇంత దూరం వచ్చినవాళ్ళని ఒక్క ఆటకే వెనక్కి పంపితే కాంట్రాక్టరుకి రైలు చార్జీలు కూడా గిట్టవు. అందుకే ముందే లైను పొడుగునా మాట్లాడుకుని ఉంటాడు. మర్నాటి రాత్రి టాటానగర్, ఆ పై రాత్రి చక్రధర్‌పూర్. రెండూ తెలుగువాళ్ళున్న ఊళ్ళే. పొద్దున్నే టీ తాగి టాటా బండెక్కుతుంటే కార్యదర్శి పరిగెత్తుకొచ్చాడు.

"మా తెర ఎక్కడికి అట్టుకెల్తన్నారు?"

చుట్టచుట్టిన శ్మశానం తెర బ్రేక్‌వ్యానులో ఎక్కిపోయి ఉంది.

"టాటాలో కూడా ఈశ్వరుణ్ణి అలాగే రప్పిద్దామని మాస్టారి ముచ్చటండీ" అన్నాడు కాంట్రాక్టరు. "తిరిగొచ్చేటప్పుడు దింపేస్తాం."

"అద్దో?"

బండి కదిలేదాకా బేరం నడిచింది. రెండు రాత్రులకి ముప్ఫై రూపాయలకి తెగింది. అందులో సగం పెయింట్ షాపు ఆయనకి ఇవ్వాలని కిటికీలోంచి మాస్టారు అరిచి చెప్పాడు.

టాటాలో ఆట అయ్యాక లెక్కలు చూసుకునే వేళ మాస్టారు తన డబ్బు తీసుకుని లెక్కపెట్టి, మళ్ళీ చెయ్యి చాపాడు.

"ఇంకేంటి మాస్టారూ?"

"ఈశ్వరుడిది."

"బాగుందండీ. వేషం లేదు, రంగు లేదు, రైలు చార్జీ లేదు. తెరకి అద్దె కూడా నేనే కట్టాను. ఇంకా దేనికివ్వమంటారు?"

మాస్టారు జేబులోంచి చార్మినార్ అట్ట తీసి చూపించాడు. అన్నిటికంటే కింద, కొత్తగా, పెన్సిలుతో ఒక వరస చేరి ఉంది. ఈశ్వ నాలుగు.

"శ్రుతి రాసి ఉన్నవాడికి రేటు ఉంటుంది కదండీ" అన్నాడు.

కాంట్రాక్టరు గొణుక్కుంటూ పది రూపాయలు తీసిచ్చి, ఆ పదీ వీరబాహుడి లెక్కలో కోసుకున్నాడు.